రాకెట్టు కంపెనీలో మైకు అల్తాఫ్

మార్కాపురంలో అల్తాఫ్ ముఖం ఎరగనివాళ్ళు ఉండొచ్చు గానీ, గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఆటో నెత్తిన రెండు మైకు గొట్టాలు కట్టుకుని, మీసాలు నల్లగా ఉన్ననాటి నుంచి ఊరికి సంగతులు చెబుతూ వచ్చాడు. చీరల దుకాణంలో తగ్గింపులు, సర్కస్ డేరా దిగడం, కంటి శిబిరాలు, ఉరుసులు, తిరునాళ్ళు, కరెంటు కోతలు, తప్పిపోయిన పిల్లలు, తప్పిపోయిన బర్రెలు, అన్నీ ఆ గొంతులోంచే వీధుల్లోకి వెళ్ళేవి. చావు కబురు చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ దించాలో, కొత్త సినిమా పేరు ఎక్కడ సాగదీయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. "నా మైకులో ఏనాడూ అబద్ధం పలకలా" అని చెప్పుకునేవాడు. చీరల దుకాణం వాళ్ళ 'ఆఖరి మూడు రోజులు' మూడు నెలలు సాగేవి కదా అని ఎవరైనా గుర్తు చేస్తే, "అది సేటు అబద్ధం, నాది కాదు" అనేవాడు.

తర్వాత కాలం మారింది. దుకాణాలవాళ్ళు అతని చేత ఒక్కసారి చెప్పించి, పెన్‌డ్రైవులో ఎక్కించుకుని, ఆ ముక్కనే పొద్దస్తమానం తిప్పడం మొదలుపెట్టారు. ఉల్లిగడ్డల బండి నుంచి పాత ఇనుము బండి దాకా అల్తాఫ్ గొంతు ఊరంతా తిరుగుతుంటే, అల్తాఫ్ మాత్రం బస్టాండు పక్కన ఆటోలో కునుకు తీసేవాడు. భార్య తస్లీమ్ చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ, "నీ గొంతుకు పనుంది, నీకే లేదు జీ" అనేది.

అలాంటి రోజుల్లో ఊర్ధ్వ ఏరోస్పేస్ వచ్చింది.

హైదరాబాదులో చదువుకున్న కొందరు పిల్లలు పెట్టిన కొత్త కంపెనీ అది. చిన్న ఉపగ్రహాలను మోసుకెళ్ళే రాకెట్టు చెయ్యాలని వాళ్ళ ఆశ. రాకెట్టు కంటే ముందు ఇంజను కావాలి. ఆ ఇంజనును మండించి చూడడానికి, ఎంత చప్పుడు చేసినా ఎవరూ తిట్టని చోటు కావాలి. బేస్తవారిపేట దారిలో, రోడ్డు నుంచి బాగా లోపలికి, పలకల రాయి తవ్వి తవ్వి వదిలేసిన గని ఒకటి అద్దెకు దొరికింది. ఆ గోతిలో ఇనుప దిమ్మె ఒకటి పాతి, దానికి ఇంజనును పడుకోబెట్టి బిగించారు. దూరంగా గట్టు మీద ఒక రేకుల షెడ్డు, రెండు కంటైనర్లు. ఏసీ ఉన్న కంటైనరు కంప్యూటర్లకు. మనుషులకు బయట వేపచెట్టు నీడ.

పంచాయతీవాళ్ళు ఒకే ఒక్క షరతు పెట్టారు. ఇంజను మండించే ముందురోజు చుట్టుపక్కల పల్లెలకు తెలియజెప్పాలి. కంపెనీవాళ్ళు మొదట వాట్సాప్ గ్రూపు పెట్టారు. గని పక్కనే ఉన్న రాళ్ళపల్లె జనం అందులో తెల్లారేసరికి పూలబొమ్మలు, శుభోదయాలు నింపారే గానీ, కంపెనీవాళ్ళ సందేశం ఒక్కరూ చదవలేదు. అప్పుడు గోపిక అనే ఇంజనీరు అమ్మాయికి ఒక గొంతు గుర్తొచ్చింది. ఆమెది గిద్దలూరు. చిన్నప్పుడు సెలవులకు మార్కాపురంలో మేనత్త ఇంటికి వచ్చినప్పుడల్లా విన్న గొంతు అది. బస్టాండుకు వెళ్ళి ఆటో తట్టి లేపింది.

"అల్తాఫన్నా, మా కంపెనీకి మైకు చెప్పాల."

"చెప్దాంలేమ్మా. ఏం అమ్ముతారు మీరు?"

"ఇంకా ఏం లేదన్నా. రాకెట్టు చేస్తాండాం."

అల్తాఫ్ కళ్ళు నులుముకుని ఆమె వంక చూశాడు. జీవితంలో ఎన్నో సరుకులకు మైకు చెప్పాడు గానీ, ఇంకా తయారు కాని సరుకుకు చెప్పమన్నవాళ్ళు వీళ్ళే మొదలు.

ఇంటికొచ్చి కంపెనీ పేరు చెబితే తస్లీమ్ సూది పక్కనబెట్టి, "ఉర్దూ కంపెనీనా! ఇన్నాళ్ళకు మనోళ్ళు గూడ ఒకటి పెట్టినారా?" అని సంబరపడింది. ఉర్దూ కాదు, ఊర్ధ్వ, అంటే పైకి అని అర్థమని అల్తాఫ్ విడమరచి చెప్పాడు. చెప్పడమైతే చెప్పాడు గానీ, ఆ ఒత్తు అతని నాలుకకే తిరగలేదు. మొదటి రోజు మైకులోనే "ఉర్దూ ఏరోస్పేస్ వారి మనవి" అని దొర్లింది. పల్లెల్లో అదే పేరు స్థిరపడిపోయింది.

కంపెనీలో పట్టుమని పదిమంది కూడా లేరు. ప్రతి ఒక్కరూ దేనికో ఒకదానికి హెడ్డు. టెస్టుల హెడ్డు గోపిక. ఆమె కింద ఎవరూ లేరు కాబట్టి ఆమే స్పానరు పట్టుకుని నట్లు బిగించేది, ఆమే నీళ్ళ క్యాన్లు దించేది. ఇంజను హెడ్డు మధ్యాహ్నమైతే బండేసుకుని అందరికీ బిర్యానీ పొట్లాలు తెచ్చేవాడు. కంపెనీ పెట్టిన ఆనంద్ బాబుకు అన్ని విద్యలూ వచ్చు, అనుమానపడడం ఒక్కటే రాదు. ఇంతమంది హెడ్లలో ఒక్క మనిషికి పదవి లేకపోవడం బాగుండదని, అతను అల్తాఫ్‌ను 'కమ్యూనిటీ ఔట్‌రీచ్ లీడ్' చేసి, విజిటింగ్ కార్డులు కొట్టించి ఇచ్చాడు.

తస్లీమ్ ఆ కార్డును వెలుతురుకు పెట్టి చూసింది. "లీడ్ అంటే ఏంది?"

"అందరికంటే ముందుండేటోడు."

"మరి టెస్టప్పుడు నిన్ను యాడో గేటు కాడ నిలబెడతారంట గదా?"

"గేటు ముందే గదా ఉండేది!" అన్నాడు అల్తాఫ్.

మొదటి ప్రకటన అతను తన జీవితంలోకెల్లా గొప్పగా చెప్పాడు. "ప్రజలారా! రేపు గురువారం పొద్దున పది గంటలకు మన రాళ్ళపల్లె గనిలో రాకెట్టు ఇంజను గర్జించబోతున్నది! పెద్ద చప్పుడు వస్తది, భయపడొద్దు! గొడ్లను, జీవాలను గని దిక్కు తోలొద్దు!" గురువారం జనం పనులు మానుకుని, చెవుల్లో దూది పెట్టుకుని మిద్దెలెక్కారు. పది దాటింది. భోజనాల వేళా దాటింది. గనిలోంచి తెల్లటి పొగ కాస్త లేచి ఆగిపోయింది. ఒక వాల్వు దగ్గర, ఇంజనుకు పోసే ద్రవ ఆక్సిజన్ కారుతోందట. ఆనంద్ బాబు బయటికొచ్చి, "సోమవారం, హండ్రెడ్ పర్సెంట్" అన్నాడు.

సోమవారం ఒక సెన్సరు తప్పుడు లెక్కలు చూపించింది. ఆ తర్వాతి సారి ఆక్సిజన్ తెచ్చే ట్యాంకరు దారిలో టైరు పేలి ఆగిపోయింది. ఇంకోసారి గాలి పల్లె వైపు తిరిగింది. ఇంకోసారి అన్నీ సవ్యంగా ఉన్నాయి, నిప్పు మాత్రం అంటుకోలేదు. ప్రతిసారీ ఆనంద్ బాబు ఒక కొత్త రోజు చెప్పేవాడు, ఆ హండ్రెడ్ పర్సెంటుతో సహా. గోపికను పక్కకు పిలిచి అడిగితే, "ఏమోన్నా, చూడాల" అనేది. ఏమో అన్నది మైకులో చెప్పుకునే మాట కాదు గనక అల్తాఫ్ ఆనంద్ బాబు మాటే పల్లెలకు మోసేవాడు.

నెలలు గడిచేసరికి ఆ చుట్టుపక్కల ఒక నానుడి పుట్టింది. బస్సు రాకపోతే "అల్తాఫ్ రాకెట్టయింది" అనేవారు. సంబంధం కుదిరి ముహూర్తం కుదరకపోయినా అదే మాట. టీకొట్టు దగ్గర ఒకరు, "వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు ముందొస్తాయా, అల్తాఫ్ రాకెట్టు ముందు లేస్తదా?" అంటే, "రెండూ మన మనవళ్ళు చూస్తార్లే" అని ఇంకొకరు అందుకునేవారు. అల్తాఫ్ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆటో దిగకుండా చాలాసేపు అందులోనే కూర్చునేవాడు. తస్లీమ్ గడప దగ్గర నిలబడి, "క్యా హువా జీ? ఈ పొద్దు గూడ కారిందా?" అనేది. "మనింట్లో కొళాయి గూడ కారతానే ఉంది. దానికి హెడ్డువి నువ్వే గదా, ముందు దాన్ని చూడు."

చేలల్లో కంది కోతకొచ్చిన రోజుల్లో, ఒక పొద్దున నిజంగానే అన్నీ కుదిరాయి. ట్యాంకరు వేళకు వచ్చింది. ఎక్కడా చుక్క కారలేదు. గాలి బుద్ధిగా నల్లమల వైపు పోతోంది. షెడ్డులోంచి గోపిక అంకెలు వెనక్కి లెక్కపెడుతుంటే ఆ మాట స్పీకర్లలో గని అంతా వినిపిస్తోంది. గేటు దగ్గర అల్తాఫ్ కూడా ఆ లెక్కే గొణుక్కుంటున్నాడు.

అప్పుడు గని అవతలి గట్టు మీద ఒక మేక తల కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే మంద మొత్తం గట్టెక్కింది. మంద వెనుక, కర్ర భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేలాడేసుకుని, తీరుబడిగా రాళ్ళపల్లె యల్లమ్మ వచ్చింది.

లెక్క ఆగిపోయింది. మేకలను అవతలికి తోలేసరికి ట్యాంకులోని ఆక్సిజన్ చాలామటుకు ఆవిరైపోయింది. మళ్ళీ ట్యాంకరు రావాలంటే ఎన్నాళ్ళో. గోపిక టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కంటైనరు మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమెను పలకరించే ధైర్యం ఏ హెడ్డుకూ లేకపోయింది.

అల్తాఫ్ ఆటోను రాళ్ళమీద ఎగరేసుకుంటూ మంద దగ్గరికి పోయాడు.

"పెద్దమ్మా! నిన్న పొద్దుగూకే దాకా మైకులో అరిస్తినే! ఇనపళ్ళేదా నీకు?"

"ఎందుకినపళ్ళేదు నాయనా? శానా బాగా చెప్పినావు" అంది యల్లమ్మ.

"ఇని గూడ వస్తివా?"

"ఇన్నా గాబట్టే వచ్చినా. నువ్వు చెప్పిన రోజు ఈడ ఏమీ జరగదు గదా. గని కాడ మేత బాగుంది. నువ్వు చెప్పని రోజు రావాలంటేనే నాకు భయం, ఎప్పుడు ఏం పేలతదో అని."

అల్తాఫ్ ఆటోను వెనక్కి తిప్పాడు. ఊళ్ళో పిల్ల తప్పిపోయిందని తను మైకులో చెబితే, ఆడవాళ్ళు పొయ్యి మీది కూర దించి వీధుల్లోకి పరుగెత్తిన రోజులున్నాయి. ఇప్పుడు అదే గొంతు వింటే మేకలు తోలుకుని ఎదురొస్తున్నారు. పైగా ఆ ముసలామె మాటలో వంక పెట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు.

తిరిగొచ్చి నేరుగా ఆనంద్ బాబు ముందు నిలబడ్డాడు. "సార్, ఇంక నేను హండ్రెడ్ పర్సెంట్ అని చెప్పలేను."

"మరి ఏం చెబుతారు అల్తాఫ్ గారూ?"

"జరిగింది చెప్తా. కారితే కారింది అంటా. రేపు చెయ్యాలనుకుంటాండారు, కుదరకపోనూవచ్చు, కుదిరిందంటే మాత్రం ఆ దగ్గర్లో మేక మిగలదు అంటా."

ఆనంద్ బాబు కంగారుపడ్డాడు. "అలా ఫెయిల్యూర్స్ బయట చెప్పుకోకూడదండీ. ఇన్వెస్టర్ల చెవిన పడితే..."

"రాళ్ళపల్లెలో ఇన్వెస్టర్లు లేరు సార్. ఉండేది యల్లమ్మ పెద్దమ్మ."

అప్పటిదాకా ఉలకని గోపిక మెట్టు మీద నుంచే ఫక్కున నవ్వింది. "చెప్పనియ్యండి సార్. ఇన్వెస్టర్లను ఎట్లో ఒకట్ల ఆపుకోవచ్చు, మేకలను ఆపలేం."

ఆనంద్ బాబు గడ్డం గోక్కుని, "సరే, కానీ కాస్త పాజిటివ్‌గా చెప్పండి" అన్నాడు.

మర్నాడు అల్తాఫ్ గొంతు పల్లెల్లో కొత్తగా వినిపించింది. సాగదీతలు లేవు, గర్జనలు లేవు. "ఉర్దూ ఏరోస్పేస్ వారి మనవి. నిన్న టెస్టు జరగలా. ఇంజను బాగానే ఉంది, మేకలు అడ్డమొచ్చినాయి. తప్పు మేకలది గాదు, మైకుది. మళ్ళా ఎప్పుడో ఇంకా తెలీదు. తెలిసినంక వచ్చి చెప్తా." పాజిటివ్‌గా ఉండాలన్న సంగతి ఊరి చివర గుర్తొచ్చి, "అందరూ బాగుండాల" అని కలిపాడు.

మొదట్లో జనం నవ్వారు. తర్వాత ఆటో చప్పుడు వినిపిస్తే, ఈసారి ఏం పోయిందో విందామని గుమ్మాల్లోకి రావడం మొదలుపెట్టారు. ఒకరోజు ఒక సీలు పగిలింది. ఇంకోరోజు నిప్పంటించే పుల్ల లాంటిది తడిసింది. అల్తాఫ్ గోపికను అడిగి తెలుసుకుని, తనకు అర్థమైనంత వరకు చెప్పేవాడు. అర్థం కానిచోట అర్థం కాలేదని చెప్పేవాడు. టీకొట్టు దగ్గర రెండు పక్షాలు కూడా ఏర్పడ్డాయి. తప్పంతా వాల్వులదేనని ఒక పక్షం, కాదు పైపులు మార్చాలని ఇంకో పక్షం. ఇంజను ఎలా ఉంటుందో ఏ పక్షమూ చూసిన పాపాన పోలేదు.

ఒక సాయంత్రం వెంకటసుబ్బయ్య అనే రైతు చేను గట్టు మీద నుంచి చెయ్యెత్తి ఆటో ఆపాడు. "అల్లుడా, ఈసారి ఏం పోయింది?"

"సీలు, మామా. చలికి బిగుసుకొని పగిలిందంట."

"ఇంత ఎండలో చలేందిరా?"

"ఆక్సిజన్ నీళ్ళ మాదిరి అయ్యేదాకా చల్లబెడతారంట. మంచు గూడ దాని ముందు పొయ్యిలో పెట్టినట్టేనంట."

వెంకటసుబ్బయ్య గని దిక్కు చూశాడు. "నేను బోర్లేయించినప్పుడు గూడ ఇంతే. నీళ్ళ పాయింటు చూసేటోడు అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి, ఈడ్నే, తిరుగులేదు అన్నాడు. దుమ్ము లేసింది. ఇంకోచోట అన్నాడు. ఆడా దుమ్మే. ఇంట్లో వాళ్ళు గూడ నాతో మాట్లాడ్డం మానుకున్నారు. ఆఖరికి పడినాయి నీళ్ళు. ఆ బత్తాయి చెట్లన్నీ దాని మీదే." అని తువ్వాలుతో ముఖం తుడుచుకుని అడిగాడు. "ఆ పిల్లోళ్ళు అన్నం తింటాండారా?"

"బిర్యానీ తింటాండారు, మామా."

"దినామూ బిర్యానీ తింటే ఇంజను కాదు, పొట్టలు మండుతాయి."

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఒక గోనెసంచి నిండా బత్తాయిలు, మూటలో జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి దిగాయి. ఎవరు పంపారో అల్తాఫ్ చెప్పాడు, పంపినాయన బోర్ల కథ కూడా చెప్పాడు. ఆనంద్ బాబు రొట్టె తుంచుతూ ఆగిపోయి, "ఆయనకు ఎన్నో బోరుకు పడ్డాయంట?" అని మాత్రం అడిగాడు. పచ్చడి కారానికి వచ్చిన కళ్ళనీళ్ళే అవి అని తర్వాత అందరితో అన్నాడు.

ఎండలు ముదరక ముందే మరో రోజు కుదిరింది. ముందురోజు అల్తాఫ్ చెప్పాడు: "రేపు చెయ్యాలనుకుంటాండారు. ఈసారి గోపికమ్మ గూడ ఏమో అనలేదు, చూద్దామన్నా అని నవ్వింది. జీవాలను ఇంటికాడనే కట్టేయండి." తెల్లవారి గని దిక్కుకు ఒక్క మేకా రాలేదు. మనుషులు మాత్రం వచ్చారు. గేటు అవతల, ఎంత దూరం ఉండమంటే అంత దూరంలో, పల్లెకు పల్లే నిలబడింది. ముందు వరసలో వెంకటసుబ్బయ్య, పక్కన కర్రతో యల్లమ్మ.

లీడ్ ఉద్యోగంలో ఒక చిక్కుంది. జనం దాటకుండా చూడాలంటే జనం వైపు తిరిగి నిలబడాలి. అంటే గనికి వీపు పెట్టాలి. అల్తాఫ్ రెండు చేతులూ చాపి అట్లాగే నిలబడ్డాడు. వెనక గోపిక లెక్క మొదలైంది. తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వచ్చింది.

ముందు చప్పుడు రాలేదు, నేల అదురు వచ్చింది. చెప్పుల్లోంచి పిక్కల్లోకి పాకింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడుకు గట్ల మీద పేరుకున్న పలకముక్కలు గలగలా జారాయి, తుమ్మల్లోంచి కాకులు లేచాయి. వెనక్కి తిరగాలని మెడ నరాలు లాగేస్తున్నాయి. అల్తాఫ్ తిరగలేదు. తను చూడాల్సిందంతా ఎదుటి ముఖాల్లో చూశాడు. వెంకటసుబ్బయ్య భుజం మీది తువ్వాలు జారి కింద పడింది, ఆయన తీసుకోలేదు. యల్లమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని నోరు తెరిచింది. ఎవరో పిల్లను ఎత్తి పట్టుకున్నారు. చప్పుడు ఆగలేదు, ఆగలేదు, అప్పుడు టక్కున ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, ఇంకా ఆపని మైకులో, టెస్టుల హెడ్డు గొంతు గని అంతా మోగింది: "మండిందిరో నాయనో! పూర్తిగా మండింది!" ఇంజనీరింగు చదువంతా ఎటుపోయిందో గానీ గిద్దలూరు ఒక్కటే మిగిలింది ఆ గొంతులో.

జనం చప్పట్లు కొట్టారు. యల్లమ్మ మాత్రం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా గాలిస్తోంది. "యాడికి పోయింది నాయనా అది?"

"యాడికీ పోలా పెద్దమ్మా. దిమ్మెకు కట్టేసిన ఇంజను గదా అది."

"పైకి పోదా?"

"ఇది పోదు."

"కట్టేసిన దానికా ఇన్నాళ్ళు మైకు చెప్పినావు!" ఆమె అల్తాఫ్‌ను ఆపాదమస్తకం చూసిన చూపుకు విజిటింగ్ కార్డు ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు.

వెంకటసుబ్బయ్య తువ్వాలు దులుపుకుంటూ అడ్డుపడ్డాడు. "నీళ్ళు పడినాయి లే అక్కా. మోటరు బిగిచ్చేది తర్వాత."

షెడ్డు దగ్గర హెడ్లందరూ ఒకరినొకరు వాటేసుకుని గెంతుతున్నారు. ఆనంద్ బాబు పరుగున వచ్చి అల్తాఫ్ చేతులు పట్టుకున్నాడు. "వెళ్ళి చెప్పండి అల్తాఫ్ గారూ! వచ్చే ఏడాదికల్లా మన రాకెట్టు అంతరిక్షంలో ఉంటుంది, హండ్రెడ్..." అని, అల్తాఫ్ ముఖం చూసి ఆగాడు. "సరే. మీకెలా తోస్తే అలా చెప్పండి."

ఆ సాయంత్రం అల్తాఫ్ చెప్పింది చాలా పొట్టి ప్రకటన. ఇంజను మండింది, అనుకున్నంత సేపూ మండింది, రాకెట్టు ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలీదు. ఇంట్లో తస్లీమ్‌కు మాత్రం పొడుగ్గా చెప్పాడు. మంట నీలంగా మొదలై, మధ్యలో ముత్యాల వరసలాగా మెరిసి, చివర నారింజరంగుకు తిరిగిందని చేతులతో గీసి చూపించాడు.

"అంత బాగా చూసినావా జీ?"

"గోపికమ్మ ఫోనులో చూపిచ్చింది" అని ఒప్పుకున్నాడు. "నేను ఇంజనును చూస్తే జనాన్ని ఎవరు చూడాల?"

తర్వాతి టెస్టుకు తస్లీమ్ కూడా కొత్త చీర కట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఇంజను ఒకసారి దగ్గి ఆరిపోయింది. అల్తాఫ్ ఆ సంగతి ఉన్నదున్నట్టు అన్ని పల్లెల్లో చెప్పి, పొద్దు కుంకేసరికి ఇల్లు చేరి, ఈసారి ఆటోలో కూర్చుండిపోకుండా దిగి లోపలికి వచ్చి, రెండోసారి కూడా అన్నం అడిగి పెట్టించుకుని తిన్నాడు.